ఫాల్ సెమిస్టర్‌కి డెంటన్ వస్తున్నా: ఎస్‌ఎస్‌ఎన్ లేదు, పాస్‌పోర్టులో సర్‌నేమూ లేదు, చెకింగ్ అకౌంట్ ఎక్కడ ఓపెన్ చేయాలి?

డెంటన్_కొత్తోడు
అందరికీ నమస్తే. మాది గుంటూరు. ఆగస్టు రెండో వారంలో శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కుతున్నా, అమెరికాలో టెక్సస్‌లోని డెంటన్‌లో ఎంఎస్. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం), వీసా, రూమ్ అన్నీ అయిపోయాయి, ఇక మిగిలింది బ్యాంకు ఒక్కటే అనుకుంటే అదే పెద్ద టెన్షన్ అయి కూర్చుంది. సీనియర్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరు చేజ్ అంటారు, ఒకరు బ్యాంక్ ఆఫ్ అమెరికా అంటారు, ఒకాయన అసలు బ్యాంకే వద్దు, ఫోన్లో ఒక యాప్ ఉంటే చాలన్నాడు. ఇక్కడ నేను టీ కొట్టు దగ్గర పది రూపాయలకి కూడా ఫోన్‌పే కొట్టేవాణ్ణి, అక్కడా అంత తేలిగ్గా ఉండే రోజువారీ ఖర్చుల అకౌంట్ (చెకింగ్ అంటారట) కావాలి, నెలనెలా ఛార్జీలు పడకూడదు. ఎస్‌ఎస్‌ఎన్ (అక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు) ఇంకా లేదు. ఇంకో గొడవేంటంటే నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లోనే కొట్టేశారు, వీసా మీద ఎఫ్‌ఎన్‌యు అని వచ్చింది. దీనికి బ్యాంకులో తంటాలేమైనా ఉంటాయా? వయసు 25.

రిచర్డ్‌సన్_అక్క
తమ్ముడూ, ముందు ఆ ఎస్‌ఎస్‌ఎన్ భయం తీసేయ్. అకౌంట్ ఇవ్వడానికి బ్యాంకు తప్పనిసరిగా తీసుకోవాల్సింది పేరు, పుట్టిన తేదీ, అడ్రస్, ఒక గుర్తింపు నంబరు. అమెరికా పౌరులు కానివాళ్లకి ఆ నంబరు పాస్‌పోర్టు నంబరైనా సరిపోతుందని నిబంధనల్లోనే ఉంది. కాకపోతే ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ బ్యాంకు ఇష్టం, ఆన్‌లైన్ ఫారాలైతే చాలావరకు ఎస్‌ఎస్‌ఎన్ గడి దగ్గరే ఆగిపోతాయి. అందుకే మనలాంటి వాళ్లు బ్రాంచికి నడిచి వెళ్లాలి. ముందు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకో, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చానని చెప్పు. పాస్‌పోర్టు, ఐ-20, యూనివర్సిటీ ఐడీ లేదా అడ్మిషన్ లెటరు, నీ పేరున్న లీజు పట్టుకెళ్లు. ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) ఎయిర్‌పోర్టులో కాగితంగా ఇస్తారని చూడకు, దిగాక సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్లో నువ్వే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

స్టూడెంట్ అకౌంట్ సంగతి. చేజ్ కాలేజ్ చెకింగ్ 17 నుంచి 24 ఏళ్ల వాళ్లకే, నీకు 25 అంటున్నావు కాబట్టి అది దొరకదు. ఎంఎస్‌కి వచ్చే మనవాళ్లలో సగం మంది రెండేళ్లు ఉద్యోగం చేసి వస్తారు, ఈ వయసు సంగతి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది పాపం. మామూలు చెకింగ్ అకౌంట్‌కి పెద్ద బ్యాంకుల్లో నెలకి 12, 15 డాలర్ల దాకా ఛార్జి ఉంటుంది. కనీస బ్యాలెన్స్ ఉంచితేనో, జీతం డైరెక్ట్ డిపాజిట్‌గా పడితేనో మాఫీ. క్యాంపస్ జాబ్ రాకముందు నీకు జీతం ఉండదు, ఫీజు కట్టాక బ్యాలెన్సూ ఉండదు. కాబట్టి "ఏ షరతూ లేకుండా ఛార్జి లేని అకౌంట్ మీ దగ్గర ఏది" అని అడుగు, వాళ్లు ముందు చూపించే అకౌంట్‌కే సంతకం పెట్టేయకు.

పేరు గురించి భయపడకు, మన తెలుగువాళ్లలో ఇది మామూలే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి ముందు ఎఫ్‌ఎన్‌యు వస్తుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. చూడాల్సిందల్లా ఐ-20, ఐ-94, బ్యాంకు, తర్వాత ఎస్‌ఎస్‌ఎన్ అన్నిట్లో పేరు ఒకేలా పడిందా లేదా అని. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా పడితే మొదటి జీతం దగ్గర ఏడుస్తావ్.

నిజామాబాద్_బిడ్డ
అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతున్నా. క్రెడిట్ యూనియన్లు (సభ్యులు నడుపుకునే సహకార బ్యాంకుల్లాంటివి) కూడా చూడు బ్రో. యూనివర్సిటీ ఊళ్లలో చాలాచోట్ల ఉంటాయి, మెంబర్‌షిప్ కింద ఐదో పదో డాలర్లు వేయించుకుంటాయి, తర్వాత చాలావాటిలో నెల ఛార్జి ఉండదు. బ్యాంకుల్లో ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ సంస్థ రెండున్నర లక్షల డాలర్ల దాకా ఎలా పూచీ ఇస్తుందో క్రెడిట్ యూనియన్లో ఎన్‌సీయూఏ అంతే ఇస్తుంది. మనకి అంత ఉండి ఏడ్చిందా అనకు, రేపు ఉంటుందిలే.

ఇంకోటి. అకౌంట్ ఓపెన్ చేసేటప్పుడు ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజ్ (బ్యాలెన్స్ చాలకపోయినా బ్యాంకు కట్టేసి ఫీజు వేసేది) కావాలా అని చాలా తియ్యగా అడుగుతారు. వద్దను. 2010 నుంచి ఏటీఎంకీ డెబిట్ కార్డుతో కొనేవాటికీ నువ్వు ఒప్పుకుంటే తప్ప ఆ ఫీజు వేయకూడదని రూలుంది. నేను తెలియక సరే అన్నా. అకౌంట్లో మూడు డాలర్లుండగా ఆరు డాలర్ల బర్గర్ తిన్నా, ఫీజు 35 పడింది. ఆ బర్గర్ రుచి ఇప్పటికీ గుర్తుంది. అయితే ఇది చెక్కులకీ, అకౌంట్ నుంచి ఆటోమేటిక్‌గా పోయే బిల్లులకీ వర్తించదు, వద్దన్నా వాటికి ఫీజు పడే బ్యాంకులున్నాయి.

యాప్_బాబు
2000 సంవత్సరంలో ఉన్నారా మీరంతా? బ్రాంచి, అపాయింట్‌మెంట్, లీజు కాగితం! యాప్‌లో ఐదు నిమిషాల్లో అయిపోతుంది, జీతం రెండు రోజులు ముందే వేస్తాడు, రౌండప్ సేవింగ్స్ (కొన్నప్పుడు మిగిలే చిల్లర దాచేది), ఖర్చుల చార్టులు, కార్డు ఒక్క నొక్కుతో లాక్. నేను మూడేళ్ల నుంచి బ్రాంచి మొహం చూడలేదు.

చెక్కుబుక్కు
యాప్_బాబూ, నువ్వు చెప్పిన సౌకర్యాలు మంచివే, కాదనను. కానీ ఇప్పుడు పెద్ద బ్యాంకుల యాప్‌లలో కూడా కార్డు లాకూ, చెక్కు ఫోటో డిపాజిట్టూ, ఖర్చుల లెక్కా అన్నీ ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్న వేరే: ఆ యాప్ బ్యాంకా, లేక వెనక ఇంకో బ్యాంకుని పెట్టుకున్న కంపెనీయా? 2024లో సినాప్స్ అనే మధ్యవర్తి కంపెనీ ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది, మే నెలకల్లా దాని మీద నడిచే యాప్‌లలో లక్ష మందికి పైగా జనం డబ్బు ఇరుక్కుపోయింది. యాప్‌లో ఎఫ్‌డీఐసీ బొమ్మ ఉంది కదా అనుకున్నారు. ఆ పూచీ బ్యాంకు మునిగితే వస్తుంది, మధ్యలో కంపెనీ మునిగి లెక్కలు తేలకపోతే రాదు. అక్కడ బ్యాంకులు బాగానే ఉన్నాయి, ఎవరి డబ్బు ఎంతో చెప్పే పుస్తకమే సరిగా లేదు. చీటీపాట నడిపే ఆవిడ దగ్గర నోటుబుక్కు పోయినట్టు.

పైగా చాలా యాప్‌లు ఎస్‌ఎస్‌ఎన్ లేనిదే తలుపు తీయవు. కొత్తోడికి మొదటి నెల అది పనికిరాదు.

యాప్_బాబు
సరే, ఎస్‌ఎస్‌ఎన్ పాయింట్ ఒప్పుకుంటా. కానీ రెండో అకౌంట్‌గా తప్పేం లేదు.

చెక్కుబుక్కు
రెండో అకౌంట్‌గా నాకూ ఉంది :) కిరాణా డబ్బులు అందులో, ఫీజు డబ్బులు బ్యాంకులో.

డెంటన్_కొత్తోడు
థాంక్యూ అక్కా, అన్నలూ. జెల్ అంటే మన యూపీఐ లాంటిదేనా? రూమ్మేట్స్ డిపాజిట్ డబ్బులు దిగగానే జెల్ చేయమంటున్నారు.

చెక్కుబుక్కు
చూడ్డానికి అలాగే ఉంటుంది, అలవాటు మాత్రం మార్చుకోవాలి. యూపీఐ 2016లో వచ్చి షాపు, ఆటో, గుడి హుండీ అన్నిట్లోకీ దూరింది. జెల్ 2017లో వచ్చింది, కొన్ని పెద్ద బ్యాంకులు కలిసి నడిపే కంపెనీది, ముఖ్యంగా తెలిసినవాళ్లకి పంపుకోవడానికి. వాల్‌మార్ట్‌లో స్కానర్ కోసం వెతక్కు, అక్కడ కార్డే. విడిగా ఉన్న జెల్ యాప్‌తో డబ్బు పంపడం 2025 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు, ఇప్పుడు నీ బ్యాంకు యాప్‌లోనే ఉంటుంది, కాబట్టి అకౌంట్ తెరిచేముందు ఆ బ్యాంకులో జెల్ ఉందో లేదో అడుగు. ఒక ఫోన్ నంబరు ఒక్క అకౌంట్‌కే ముడిపడుతుంది. కొత్త సిమ్ తీసుకుంటావు కదా, ఆ నంబరు పాత యజమాని జెల్‌లో పెట్టుకుని తీసేయకపోతే నీకు రిజిస్టర్ కాదు, అప్పుడు ఈమెయిల్‌తో పెట్టుకో.

అసలు విషయం ఇది. నువ్వే నొక్కి పంపితే ఆ డబ్బు పోయినట్టే లెక్క. ఎవరైనా నీ అకౌంట్లో దూరి దొంగిలిస్తే చట్టం కొంత కాపాడుతుంది, కానీ మోసపోయి నీ చేత్తో నువ్వు పంపితే చాలావరకు చేతులెత్తేస్తారు. ఇల్లు చూడకుండా, వీడియో కాల్లో కూడా మొహం చూపించని "రూమ్మేట్"కి డిపాజిట్ జెల్ చేయొద్దు.

ఇంకా ఒకటి, జెల్ కాక మిగతావి: అకౌంట్ నంబరు, రౌటింగ్ నంబరుతో పంపేది ఏసీహెచ్, ఒకటి నుంచి మూడు పనిదినాలు. రౌటింగ్ నంబరు తొమ్మిది అంకెలు, మన ఐఎఫ్‌ఎస్‌సీ లాంటిదనుకో. వైర్ అదే రోజు పోతుంది, పంపినందుకు పాతిక ముప్పై డాలర్లు గుంజుతారు. చెక్కులు కూడా తీసుకో, నవ్వకు, కొన్ని అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ చెక్కు గానీ మనీ ఆర్డర్ గానీ అడుగుతాయి. తేదీలో నెల ముందు రాయాలి. నేను మొదటి చెక్కు మీద ఆగస్టు 9కి 09/08 అని రాశా, ఆఫీసావిడ సెప్టెంబరు 8 దాకా ఆగాలా అని అడిగింది.

ఒకప్పటి_తెలివైనోణ్ణి
కొత్త ఐడీ చేసుకుని రాస్తున్నా, ఎవరో తెలుసుకోవడానికి ప్రయత్నించొద్దు ప్లీజ్. ఈ థ్రెడ్ చదివి ఊరుకోలేకపోయా.

నేను వచ్చిన మొదటి సెమిస్టర్‌లో లోన్ డబ్బు ఇండియా అకౌంట్లో ఉంది, ఇక్కడ డాలర్లు కావాలి. బ్యాంకు ద్వారా పంపితే రేటు తక్కువ, ఛార్జీలు, నాలుగు రోజులు. టెలిగ్రామ్ గ్రూపులో ఒకడు "అన్నా నా దగ్గర డాలర్లున్నాయి, ఇంటికి రూపాయలు పంపాలి, డాలర్‌కి రూపాయిన్నర తక్కువకే ఇస్తా" అన్నాడు. తెలుగు వాడే, గొంతు మన పక్క ఊరి గొంతే. మా నాన్న ఎవరిదో అకౌంట్‌కి రూపాయలు యూపీఐ చేశారు, నాకు 1,800 డాలర్లు జెల్‌లో వచ్చాయి, కానీ మూడు ముక్కలుగా, మూడు వేర్వేరు పేర్ల నుంచి, అందులో ఒక్కటీ తెలుగు పేరు కాదు. అక్కడే అనుమానం రావాలి. రాలేదు, రెండు వేల ఏడొందల రూపాయలు మిగిలాయని బిర్యానీ తిన్నాను.

తొమ్మిదో రోజు అకౌంట్ లాక్. ఆ మూడింట్లో రెండు హ్యాక్ అయిన అకౌంట్ల నుంచి వచ్చాయట, అవి వెనక్కి తీసుకున్నారు. నేను దొంగని కాదని ఎంత చెప్పినా కస్టమర్ కేర్ అమ్మాయి చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంది. మిగిలిన నా సొంత డబ్బు రెండు నెలల తర్వాత చెక్కుగా వచ్చింది. ఆ రెండు నెలలు అద్దె అప్పు చేసి కట్టా. ఇంకో బ్యాంకుకి వెళ్తే కంప్యూటర్ చూసి "సారీ" అన్నారు. చెక్స్‌సిస్టమ్స్ అని ఒకటుంటుంది, సిబిల్ అప్పులకైతే ఇది చెకింగ్ అకౌంట్లకి, ఒక బ్యాంకు నిన్ను మూసేసిందని అందులో రాస్తే మామూలుగా ఐదేళ్లుంటుంది. ఆ రిపోర్టు ఏడాదికోసారి ఫ్రీగా తెప్పించుకోవచ్చు, తప్పుంటే డిస్ప్యూట్ వేయొచ్చు. నేను వేశా, చివరికి ఒక చిన్న క్రెడిట్ యూనియన్ వాళ్లు కూర్చోబెట్టి కథ విని అకౌంట్ ఇచ్చారు. వాళ్లకి దణ్ణం.

ఇది ఇండియా వైపు కూడా ఫెమా (విదేశీ మారక చట్టం) కింద తప్పేనని తర్వాత ఒక సీఏ చెప్పారు. అంటే మా నాన్నతో కూడా చేయించాను.

రిచర్డ్‌సన్_అక్క
రాసినందుకు థాంక్స్, ఎవరైనా సరే. ప్రతి ఫాల్‌కీ ఇదే జరుగుతోంది. దీనికి తోబుట్టువు ఇంకోటుంది: "ప్రొఫెసర్‌కి అసిస్టెంట్ కావాలి, ఇంటి నుంచే పని" అని యూనివర్సిటీ మెయిల్‌కే వస్తుంది. చెక్కు పంపిస్తారు, ఫోటో తీసి డిపాజిట్ చేయమంటారు, బ్యాలెన్స్‌లో డబ్బు కనిపిస్తుంది, అందులోంచి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమంటారు. చెక్కు నిజంగా పాసవ్వకముందే బ్యాంకు డబ్బు వాడుకోనిస్తుంది, వారం తర్వాత చెక్కు దొంగదని తేలితే ఆ మొత్తం నీ నెత్తినే. యాప్‌లో కనపడింది కదా అని అది నీ డబ్బు అయిపోదు.

ఖమ్మం_నాన్న
నేను విద్యార్థిని కాను, ఒక తండ్రిని. మా అమ్మాయి కూడా ఈ ఆగస్టులోనే మిస్సోరి వెళుతోంది, మీ మాటలన్నీ రెండుసార్లు చదివాను, పైన బాబు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మరి సక్రమంగా ఇక్కడినుంచి డబ్బు పంపాలంటే ఏం చేయాలి, ఎంత వరకు పన్ను పడదు, అమ్మాయి పేరున ఇక్కడ ఉన్న సేవింగ్స్ ఖాతా అలాగే ఉంచవచ్చా, దయచేసి ఎవరైనా తెలిసినవారు చెప్పగలరు.

చెక్కుబుక్కు
అంకుల్, మీరు టెన్షన్ పడకండి, సక్రమమైన దారి కొంచెం నెమ్మది అంతే. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకోనిచ్చే ఆర్‌బీఐ పథకం) కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. మీ బ్యాంకులో ఏ2 ఫారం ఇస్తారు, దాంట్లో ప్రయోజనం చదువు అని, కోడ్ ఎస్0305 అని పడేలా చూడండి. కౌంటర్లో కొందరు అలవాటుగా బంధువుల పోషణ అని కొట్టేస్తారు, చదువు కిందకి వచ్చే డబ్బు చదువు కిందే వెళ్లాలి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా టీసీఎస్ (పంపేటప్పుడు బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు, బ్యాంకులో తీసుకున్న చదువు లోన్ డబ్బైతే ఆ పైన కూడా లేదు. ఒకవేళ పడినా పోయిన డబ్బు కాదు, మీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, మీ పన్ను స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. దారిలో మధ్య బ్యాంకులు కొంత కోసుకుంటాయి కాబట్టి ఫీజుకి సరిగ్గా లెక్కపెట్టి పంపకండి, పాతిక ముప్పై డాలర్లు ఎక్కువ వేయండి.

అమ్మాయి ఖాతా: చదువుకి వెళ్లినవాళ్లని కూడా ఫెమా ఎన్నారైలుగానే చూస్తుంది, కాబట్టి దాన్ని ఎన్‌ఆర్‌ఓగా (ఎన్నారైల రూపాయి ఖాతాగా) మార్పించాలి. చాలామంది మార్చరు, అది వేరే సంగతి. 2023 జనవరిలో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ అమెరికాతో సహా పది దేశాల నంబర్లతో ఎన్‌ఆర్‌ఓ ఖాతాకి యూపీఐ ఒప్పుకుంది, అన్ని బ్యాంకులూ ఇవ్వట్లేదు, మీ బ్యాంకులో అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఇండియా సిమ్ చావనివ్వకండి. ఓటీపీ అంతా దానికే వస్తుంది, రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించి పంపండి. చేతిలో నగదు కొంచెం, మిగతాది ఫారెక్స్ కార్డులో. పదివేల డాలర్లు దాటి చేత్తో తెస్తే దిగినచోట డిక్లేర్ చేయాలి.

ఖమ్మం_నాన్న
చాలా ధన్యవాదాలు నాయనా. సిమ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

డెంటన్_కొత్తోడు
అప్‌డేట్. వచ్చి పన్నెండు రోజులైంది. మొదటి బ్యాంకులో ఎస్‌ఎస్‌ఎన్ లేకుండా కుదరదన్నారు. అదే బ్యాంకు ఇంకో బ్రాంచికి వెళ్తే కుదురుతుందన్నారు! ఏ బ్యాంకో రాయను, అక్కడున్న ఆయన మంచాయన, ఎఫ్-1 పిల్లలు రోజుకి పది మంది వస్తారట. గంటన్నర పట్టింది, అందులో గంట నా పేరుకే. సిస్టమ్ మొదటి పేరు గడి ఖాళీగా వదలనివ్వదు, చివరికి ఎఫ్‌ఎన్‌యు కొట్టాడు. నెల ఛార్జి లేని అకౌంట్ అడిగితే మూడో పేజీలో ఉంది, అక్క చెప్పినట్టే. ఓవర్‌డ్రాఫ్ట్ వద్దన్నా. పన్ను కాగితం దగ్గర ఆయన డబ్ల్యూ-9 (పౌరులకీ, రెసిడెంట్లకీ ఉండే ఫారం) తీయబోయాడు, నేను నాన్‌రెసిడెంట్ కదా అంటే ఆలోచించి నాన్‌రెసిడెంట్లది, డబ్ల్యూ-8బెన్ తీశాడు. ఇది ఒక సీనియర్ ముందే చెప్పాడు, లేకపోతే సంతకం పెట్టేసేవాణ్ణి.

కార్డు పోస్టులో పది రోజుల్లో వస్తుందన్నారు, ఈలోపు యాప్‌లో వర్చువల్ కార్డు ఫోన్ వాలెట్‌లో పెట్టుకుని ట్యాప్ చేస్తున్నా. టీ కొట్టు మాత్రం లేదు.

నిజామాబాద్_బిడ్డ
సూపర్ బ్రో. కార్డు వచ్చాక పెట్రోల్ బంకులో డెబిట్ కార్డు పెట్టకు, పంపుల్లో స్కిమ్మర్లు (కార్డు వివరాలు దొంగిలించే పరికరాలు) ఉంటాయి. డెబిట్ కార్డు పోయిందని రెండు పనిదినాల్లో చెప్తే నీ మీద పడేది 50 డాలర్లే, ఆలస్యమైతే 500, స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లో కూడా చెప్పకపోతే ఆ తర్వాత పోయినదానికి లిమిటే లేదు. అందుకే ప్రతి లావాదేవీకీ అలర్ట్ ఆన్ చేసుకో, డాలర్ దాటితే చాలు మోగాలి.

రిచర్డ్‌సన్_అక్క
ఎస్‌ఎస్‌ఎన్ వచ్చాక బ్రాంచికెళ్లి అకౌంట్‌కి కలిపించు తమ్ముడూ, చాలామంది మర్చిపోతారు. క్యాంపస్ జాబ్‌లో డైరెక్ట్ డిపాజిట్‌కి వాయిడ్ చెక్కు అడుగుతారు, చెక్కు మీద అడ్డంగా వాయిడ్ అని రాసివ్వడమే.

డెంటన్_కొత్తోడు
పదిహేనో రోజు కూడా కార్డు రాలేదు. బ్యాంకుకి ఫోన్ చేస్తే పంపాం, వెనక్కి వచ్చేసిందన్నారు. కారణం తెలుసా? మెయిల్‌బాక్స్ మీద ఉన్నవి ముగ్గురు పాత రూమ్మేట్ల పేర్లు, నా పేరు లేదు, పోస్టల్ వాళ్లు ఈ పేరు మనిషి ఇక్కడ లేడని తిప్పి పంపారు. పైగా కవర్ మీద ఎఫ్‌ఎన్‌యు అనే కదా ఉంటుంది. మళ్లీ పంపిస్తామన్నారు. నిన్న తెల్ల కాగితం మీద స్కెచ్‌తో ఎఫ్‌ఎన్‌యు, కింద నా పేరు మొత్తం ఇంటిపేరుతో సహా రాసి బాక్స్ లోపల టేపు వేసి అంటించా. రూమ్మేట్స్ పొద్దున్నించీ నన్ను ఫ్ను అనే పిలుస్తున్నారు.